కడిగిన గాజుపలక

చచ్చినవాడి కళ్లు చారెడేసి అని మన పెద్దలు ఊరికే అనలేదు. మా బావగారు పోయి నెల తిరగకుండానే రాజమండ్రిలో ఆయన కళ్లు చారెడేసి అయిపోయాయి. ఏం చూపండీ ఆయనది అంటారు ఒకరు. రాతిలో ప్రాణం చూసిన మహానుభావుడండీ అంటారు ఇంకొకరు. ఆయన దగ్గర పని నేర్చుకుని రేవు వీధిలో ఫొటోల దుకాణం పెట్టుకున్న శిష్యుడు ఒకతను మొన్న ధవళేశ్వరంలో మా ఇంటికి వచ్చాడు. పఠనమందిరంలో సంతాపసభ జరుపుతున్నారట. గురువుగారు తీసిన తపసి చెట్టు బొమ్మకి అద్దం కట్టించి అక్కడ గోడకి తగిలిస్తారట. నేను వచ్చి ఆయన గురించి రెండు మంచిమాటలు చెప్పాలట. ఆలోచించి చెబుతానన్నాను. రెండు మంచిమాటలకి ఇంత ఆలోచన ఎందుకో అతనికి అర్థమైనట్టు లేదు.

ఆలోచిస్తే తోచినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఇందులో మంచిమాటలు ఎవరికైనా దొరికితే ఏరుకోవచ్చు. 'ఆయన' అని రాస్తున్నానే గాని 'వాడు' అని రాయడానికి చెయ్యి దురద పెడుతూనే ఉంది. మా ఆవిడకి స్వయానా అన్నగారు. వాడు అంటే ఆవిడ ఊరుకునేది కాదు. ఆవిడ లేకపోయినా ఆ మర్యాద అలాగే ఉంచుతున్నాను.

ఆయన నాతో పలికిన మొదటి మాట నా పెళ్లిలోనే. మగపెళ్లివాళ్లం పడవ దిగి కాలవగట్టు మీద నిలబడ్డాం. సన్నాయి మోగుతోంది. ఆడపెళ్లివారు పానకం బిందెలతో ఎదురుకోలుకి వచ్చారు. పెళ్లికూతురి అన్నగారు కాబట్టి నాకు పానకం అందించవలసింది ఆయన. వెండి గ్లాసు పట్టుకుని నా ఎదటికి వచ్చారు. నన్ను చూడలేదు. నా భుజం మీదుగా దూరంగా చూసి ఒక కన్ను మూశారు. తరవాత ఎంతో వినయంగా, "బావగారూ, తమరు కొంచెం పక్కకి జరుగుతారా అండి? మీ వెనకాల మోడు చాలా బాగుందండి" అన్నారు.

నేను జరిగాను. పానకం ఆయన చేతిలోనే ఉండిపోయింది. మా మేనమామకి ఒళ్లు మండి తిరిగి పడవెక్కబోతే నలుగురూ కాళ్లావేళ్లా పడి ఆపారు. ఇంతా చేసి ఆ మోడు పిడుగుపాటుకి తల తెగిన ఒక తాడిచెట్టు.

గోదావరి వాళ్లం అందరం అండీ అంటాం. అది మాకు ఊపిరి. కాని ఆయన అండీ వేరు. అది మనిషిని దారిలోంచి తప్పించడానికి వాడే అండీ. ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు ఆయనకీ ఒక చెట్టుకీ మధ్య నిలబడి ఉండేవారు. వాళ్లని ఎంతో గౌరవంగా పక్కకి జరిపేవారు. చెట్టు ముందుకి మాత్రం తలపాగా తీసి వెళ్లేవారు.

ఆనకట్ట పనుల మీద ఉన్న దొర ఒకాయన సీమకి వెళ్లిపోతూ తన కెమెరా ఈయనకి వదిలిపోయాడు. ఆ విద్య కూడా దొర దగ్గర నేర్చుకున్నదే. కడియం వైపు పొలాలు ఉండేవి. వాటిని కౌలుకిచ్చేసి, గట్టు మీద నిలబడి ఒక్క పంటా చూడకుండా ఈ పనిలో పడ్డారు. ఫొటోలకి వాడే వెండిమందు తగిలి ఆయన వేళ్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఎంత తోమినా పోయే నలుపు కాదది. భోజనాల బంతిలో ఆయన దగ్గరికి వచ్చేసరికి వడ్డించేవాళ్ల చెయ్యి ఆగేది. మా అమ్మ అయితే ఆయన లేచి వెళ్లాక పీట కడిగించేది.

ఆ రోజుల్లో ఫొటో అంటే గాజుపలక మీద మందు పోసి, ఆ తడి ఆరేలోగా తీసేయాలి. ముందు ఆ గాజుకి సుద్దపొడితో మెరుగు పెట్టాలి. దొరలు దానికి మెత్తటి తోలు వాడతారట. తోలు ఇంట్లోకి రాకూడదని ఈయన పట్టుగుడ్డ వాడేవారు. ఆ గుడ్డ మా ఆవిడ తన పట్టుచీర చెంగులోంచి చింపి ఇచ్చినదే. అన్నయ్య అడిగితే కాదనడం దానికి చేతకాదు.

మాది కాలవల దేశం. నేను కాలవల ఆఫీసులో గుమాస్తాని. ఏ లాకు ఎప్పుడు ఎత్తారు, ఏ ఊరి చేలకి నీరు అందింది అన్న కాగితాలతోనే నా జీవితం గడిచింది. ఆయనకేమో పచ్చదనం గిట్టదు. పచ్చటిది ఏదైనా ఫొటోలో నల్లగా పడుతుందట. అందుకని కొబ్బరితోటల మధ్య పుట్టి, ఆకు లేని చెట్లకోసం, బోడిరాళ్లకోసం తిరిగేవారు. మా ఆఫీసువాళ్లం నీళ్లు పారించి దేశాన్నంతా నల్లగా పాడుచేసేశామని మా ఇంట్లో కూర్చునే నాతో అన్నారొకసారి. ఆనకట్ట లేని రోజుల్లో కరువు చూసిన మనిషి మా అమ్మ. అక్కడే కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండా, "ఎండిన చెట్లు చూడాలంటే నువ్వు మా చిన్నతనంలో పుట్టవలసింది నాయనా. వాటికింద మనుషులు కూడా పడుండేవాళ్లు" అంది.

ఆయన అప్పటికే కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అమ్మ మాట చెవిన పడలేదు.

ఒకసారి ఆయనతో పాపికొండల దాకా పడవలో వెళ్లాను. మా ఆవిడ బలవంతం మీద వెళ్లాను. అన్నయ్య తిండీ నీళ్లూ మరిచిపోతాడు, మీరు తోడుండండి అంది. తిండీ నీళ్లూ లేకుండా పోయింది మాకు. వరద తీసిన కొత్త, గోదావరి ఇంకా ఎర్రగానే ఉంది. మన ఇళ్లల్లోలాగే చిల్లగింజ అరగదీసి కుండల్లో నీళ్లు తేర్చారు. అమ్మయ్య అనుకుని చెంబు ముంచబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆ తేటనీళ్లు గాజు కడగడానికట. పడవవాళ్లూ నేనూ ఎర్రనీళ్లే తాగాం. పొయ్యి రాజేయబోతే అదీ వద్దన్నారు. పొగ వస్తే కొండ మసకబారుతుందండి, కాస్త ఎండ వాలనివ్వండి అన్నారు. రెండు కొండల మధ్య ఇరుకులో బాగా పొద్దెక్కిందాకా రాని ఎండ, వచ్చాక ఎంతకీ వాలదు. బియ్యం కడిగిపెట్టుకుని అందరం ఆయన వీపు వంక చూస్తూ కూర్చున్నాం.

కడగడం మాత్రం నా కళ్లారా చూశాను. ఆ పని ఇంకొకరిని ముట్టనిచ్చేవారు కాదు. సరిగ్గా కడగని గాజు మోసం చేస్తుందట. పాత బొమ్మ పోయిందనుకుంటాం. కొత్తది తీశాక ఆకాశంలోంచి పాతది మసగ్గా తొంగిచూస్తుందట. తను తీసిన కొండ ఒకదాని మీద ఎప్పుడో తీసి తుడిచేసిన గుడిగోపురం తేలిందని, ఆ పలకని అక్కడే రాయికేసి కొట్టానని చెప్పారు. అందులో ఏదో గొప్ప ఉన్నట్టే చెప్పారు.

కోటిలింగాల రేవు బొమ్మ కూడా ఆ ప్రయాణంలోనే చూపించారు. మెట్లున్నాయి, నీళ్లున్నాయి. మనుషులు ఒక్కరూ లేరు. తీసినప్పుడు రేవు నిండా జనమేనట. కాని ఆ కెమెరా మూత చాలాసేపు తెరిచి ఉంచాలి. ఈలోగా కదిలినవాళ్లు గాజుకి ఆనరు. "కదిలేది నాకు పనికిరాదండి" అన్నారు. ఆ మాట ఆయన నోట అంతకుముందూ విన్నాను, తరవాతా విన్నాను.

ఆ ఇరుకులోనే ఒక బండ మీద తపసి చెట్టు చూపించారు. దాని బెరడు తెల్లగా ఉంటుంది. మట్టి అన్నది లేకుండా, వేళ్లతో రాతిని కావలించుకుని నిలబడి ఉంది. అప్పటికి ఇంకా ఆకు ఉంది. ఆకు రాలాక, ఎండల్లో రావాలండి అన్నారు. వేళ్లకింద బండ పగిలిందనీ, వచ్చే వరద దాటదనీ బెంగపడ్డారు. ఆయన బెంగపడగా నేను చూడడం అదే మొదలు.

అలాంటి మనిషి మా ఆవిడని ఫొటో తీశారు. అదీ ఆవిడ వదలకపోవడంవల్ల. ఊళ్లో ఉన్న మోళ్లన్నిటినీ తీశావు, చెల్లెలి ముఖం అంత తీసిపోయిందా అని నవ్వుతూనే దెబ్బలాడింది. అప్పటికి మా అమ్మాయి పొత్తిళ్లలో ఉంది. మా అమ్మ ససేమిరా అంది. బతికున్న మనిషి రూపు కాగితానికెక్కి ఇంట్లో ఉంటే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ భయం. ఆ రోజుల్లో చాలామంది భయం అదే. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఫొటో తీయవచ్చు, కాగితం మీదకి ఎక్కించకూడదు. గాజుపలక అన్నగారి దగ్గరే ఉండాలి, మా గడప దాటి రాకూడదు. "నేను ముసలమ్మనయ్యాక ఎక్కిద్దాం లెండి అత్తయ్యా. అప్పుడు తగ్గితే తగ్గింది ఆయుష్షు" అని మా ఆవిడ అమ్మని కూడా నవ్వించింది.

రాజమండ్రిలో ఆయన ఇంటి పెరట్లో నిలబెట్టారు. చెట్టులా ఉండమ్మా, కదలకు అన్నారు. చాలాసేపు చెట్టులాగే నిలబడింది. ఇంక మూత పెట్టేస్తారనగా అరుగు మీద మా అమ్మాయి ఏడ్చింది. తలతిప్పలేదు గాని, కుడిచెయ్యి తనకి తెలియకుండానే అటు వెళ్లింది.

ఆ పలకని మందులో కడిగి, వెనకాల నల్లగుడ్డ పట్టి గుమ్మం వెలుతురులో మాకు చూపించారు. అలా పట్టుకుంటే బొమ్మ మామూలుగా కనిపిస్తుంది. ముఖం ఎంత స్పష్టంగా ఉందో చెప్పలేను. ముక్కుపుడక, పెదవి చివర అణుచుకున్న నవ్వు, అన్నీ ఉన్నాయి. చెయ్యి మాత్రం పొగలా చెదిరిపోయింది. నేనిలా ఉంటానా ఏంటి అని మా ఆవిడ సిగ్గుపడింది. ఆయన మాత్రం పెదవి విరిచి, పాడైపోయిందండి, కదిలింది అన్నారు. నాకైతే ఆ చెదిరిన చెయ్యే అన్నిటికన్నా బాగా నచ్చింది.

ఎండలు ముదిరాక ఆయన తపసి చెట్టుకోసం పాపికొండలు వెళ్లారు. ఆయన అటు వెళ్లగానే ఇక్కడ మా ఆవిడకి జ్వరం తగిలింది. వైద్యుడు వచ్చి చూశాడు, చెయ్యగలిగింది చేశాడు. అది తగ్గే జ్వరం కాదు. ఆఖరి రోజున కూడా అన్నయ్య వచ్చాడా అనే అడిగింది. కొండల్లో ఉన్న మనిషికి కబురు ఎలా పంపుతాం? కర్మలన్నీ అయిపోయాక వచ్చారు.

నేను పసిపిల్లని అమ్మకి అప్పజెప్పి రాజమండ్రి వెళ్లాను. నన్ను చూడగానే ఆయన ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు, అది దాచను. నేనూ ఏడ్చాను. కొంచెం తెరిపిన పడ్డాక, ఆ గాజుపలకని ఇప్పుడు కాగితానికి ఎక్కించమన్నాను. ఇక తగ్గడానికి ఆయుష్షు లేదు కదా, మా అమ్మ కూడా వద్దనదు అన్నాను. పిల్లకి తల్లి ముఖం తెలియాలి. ఆ ముఖం ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క గాజు మీదే ఉంది.

ఆయన ఏడుపు ఆగింది. నా వంక చూడకుండా మెల్లిగా చెప్పారు. కొండల దగ్గర పడవ దిగుతుంటే కొత్త పలకల పెట్టె జారి రాళ్ల మీద పడిందట. ఒక్కటీ మిగల్లేదు. అక్కడ చెట్టు ఆకంతా రాలి, ఎలా కావాలనుకున్నారో అలా నిలబడి ఉంది. దానితోపాటే పడిన రెండో పెట్టెలో పాడైన పాత పలకలు ఉన్నాయి, కడిగి వాడుకోవడానికి తీసుకెళ్లినవి. వాటిలోనూ పగలనిది ఒక్కటే. పడవ పొయ్యిలో బూడిద తీసి నీళ్లలో కలిపి, అందులో నానబెట్టి కడిగారట.

ఏది అని అడగక్కర్లేకపోయింది. అడగకుండానే చెప్పారు. "చెల్లాయి ఇంట్లోనే ఉంటుంది కదండీ, ఎప్పుడైనా మళ్లీ తీయొచ్చు అనుకున్నాను. చెట్టు అలా కాదు కదండీ. వచ్చే వరదకి ఉండదు."

మా ఆవిడ బొమ్మ పాడైన పలకల పెట్టెలోకి ఎప్పుడు వెళ్లిందని అడగాలనిపించింది. అడగడమెందుకు, తీసిన రోజే వెళ్లి ఉంటుంది. కడిగాక తుడిచింది ఆ చీరచెంగుతోనేనా అని కూడా అడగలేదు. ఆయన దగ్గర వేరే గుడ్డ ఉన్నట్టు నాకు తెలియదు. ఇంతవరకూ కూడా క్షమించేవాణ్ణేమో. ఆయన తెలియక చేశారు. కబురు అందితే బహుశా చేసేవారు కాదు. కాని ఆయన పైపంచెతో కళ్లు తుడుచుకుని, లేచి నిలబడి, ఇంకో మాట అన్నారు.

"చెట్టు మాత్రం చాలా బాగా వచ్చిందండి బావగారూ. చూస్తారా?"

నేను చూడలేదు. చెప్పులేసుకుని వచ్చేశాను. ఆ తరవాత ఆయన గడప తొక్కలేదు.

పిల్ల పెరిగింది. అమ్మ ఎలా ఉండేది నాన్నగారూ అని అడిగేది. చెప్పేవాణ్ణి. ముక్కు ఇలా ఉండేది, నవ్వితే ఇలా ఉండేది అని చెప్పేవాణ్ణి. చెప్పగా చెప్పగా నా దగ్గరా మాటలే మిగిలాయి, ముఖం పోయింది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాకు కనిపించేది గుమ్మంలో పట్టుకున్న నల్లగుడ్డ ఒక్కటే. ఆ మనిషి నాకు చేసిన అపకారం ఏమిటని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను.

మా అమ్మాయి పెళ్లికి మేనమామ కాబట్టి పిలవక తప్పలేదు. వచ్చారు. పందిట్లో ఒక వార నిలబడి దాన్ని చాలాసేపు చూశారు. అచ్చం చెల్లాయేనండి అని ఎవరితోనో అన్నారట. తరవాత నా దగ్గరికి వచ్చి, అమ్మాయిని ఒక ఫొటో తీసి ఇస్తానన్నారు. అప్పటికి కొత్తరకం పలకలు వచ్చాయి, మూత అంతసేపు తెరవక్కర్లేదని కూడా చెప్పారు.

"అక్కర్లేదండి. మా అమ్మాయి కదులుతూ ఉంటుందండి" అన్నాను. ఆ అండీ నేను ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు సభకి వెళ్లకూడదనే అనుకున్నాను. కాని కొవ్వూరు నించి మా అమ్మాయి బయలుదేరి వచ్చింది. రైలు వంతెన వచ్చాక రాకపోకలు దానికి సులువు. ఆ బొమ్మ చూడాలి నాన్నగారూ అంది. చెట్టు చూడ్డానికి కాదని నాకు తెలుసు. పాత బొమ్మ తొంగిచూస్తుందన్న సంగతి దానికి చిన్నప్పుడు నేనే చెప్పాను.

జనం రాకముందే వెళ్లాం. శిష్యుడు ఒక్కడే ఉండి బల్లలు సర్దుతున్నాడు. గోడ మీద బొమ్మ ఉంది. బాగుంది. ఈ మాట రాయడానికి నా చెయ్యి మొరాయిస్తోంది, అయినా బాగుంది. నల్లటి కొండ ముందు ఆ తెల్లచెట్టు, రాతిని పట్టుకున్న ఆ వేళ్లు చూస్తే ఎవరైనా కాసేపు నిలబడిపోతారు. గాజుపలక ఎంత ఉంటుందో కాగితం మీద బొమ్మ అంతే ఉంటుందని శిష్యుడు వివరించాడు. ఆ చెట్టు గురించి కూడా చెప్పాడు. గురువుగారు వచ్చే వరదకి పోతుందనేవారు గాని ఇప్పటికీ ఉందట. మొన్న వేసవిలో వెళ్లి చూసొచ్చాడట, చెక్కుచెదరలేదట.

కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్లాను. కొండ మీద వెతికాను, నీళ్ల మీద వెతికాను, ఆకాశమంతా వెతికాను. ఒక చెంప గీత గాని, ముక్కుపుడక మెరుపు గాని, చెదిరిన ఆ చెయ్యి గాని ఎక్కడైనా ఉంటుందేమోనని చూశాను. ఏమీ లేదు. చాలా శుభ్రంగా కడిగాడు.

"అమ్మ ముఖం ఎక్కడుండేది?" అని మా అమ్మాయి అడిగింది.

అది మాత్రం నేను మరిచిపోలేదు. రెండు కొమ్మలు విడిపోయేచోట, పైన, తెల్లటి ఆకాశం చూపించాను. మా అమ్మాయి అక్కడ వేలు ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

శిష్యుడు బల్ల వదిలి దగ్గరికి వచ్చాడు. ఎంతో వినయంగా, "అమ్మగారూ, తమరు కొంచెం పక్కకి జరుగుతారా అండి? అద్దం మీద మరక పడుతుందండి" అన్నాడు. మా అమ్మాయి జరిగింది. అతను జేబులోంచి పట్టుగుడ్డ ముక్క ఒకటి తీసి, దాని వేలు ఆనినచోట తుడిచాడు. వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి చూసి, మళ్లీ వచ్చి ఇంకోసారి తుడిచాడు.

"గురువుగారి పని బాగా నేర్చుకున్నారండి" అన్నాను.

అతని ముఖం వెలిగిపోయింది. రెండు చేతులూ జోడించి, సభలో కూడా ఆ మాటే చెప్పమని అడిగాడు.